ఒక పగటి కొండనడక

అమెరికా తూర్పు కొండలలో, జార్జియా నుండి మేయిన్ వరకు 14 రాష్ట్రముల మీదుగా సాగు అపలేషియన్ కాలిబాట పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. అంతయు నడువనక్కరలేదు, ఒక పగటిలో ముగియు భాగమును ఎన్నుకొనవచ్చును. ఉదాహరణకు మేము గ్రేట్ స్మోకీ పర్వతములలోని న్యూఫౌండ్ గ్యాప్ నుండి చార్లీస్ బన్యన్ అను బండవరకు గల దారిని తీసికొందుము.

రానుపోను దూరము 13 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తు సుమారు 500 మీటర్లు. స్కాట్లండు పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క యిది: 5 కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎత్తు ఎక్కుటకు మరియొక గంట. అనగా మనకు దాదాపు మూడున్నర గంటలు పట్టును. అయితే ఈ లెక్కలో విశ్రాంతి లేదు. జారు రాళ్లు, వాన, పిల్లల చిన్న అడుగులు లేవు. కావున ఆరు గంటలు ఉంచుకొనుట మేలు.

దారిపొడవునా చెట్లపై తెల్లని గుర్తులుండును. అవి చాలసేపు కానరానిచో, కడపట చూచిన గుర్తువద్దకు మరలవలెను. నీరు, ఆహారము, వెచ్చని వస్త్రము, చేతిదీపము వెంట నుండవలెను.

అన్నిటికంటె ముఖ్యము, తిరుగు వేళను ముందే నిశ్చయించుకొని ఇంటివారికి చెప్పుట. తొమ్మిదింటికి బయలుదేరినవారు పండ్రెండింటికి బండను చేరకున్నను వెనుదిరుగవలెను. బండ కనుచూపుమేరలో నున్నప్పుడు మరలుట కష్టమే. కాని అచటికి చేరినను నడక సగమే ముగిసినది. మిగిలిన సగమునకును వెలుతురు కావలెను గదా!