పేర్చకుండానే క్రమం: డేటాబేస్‌లకు ఒక పరీక్ష

1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాలో పట్టిక అంటే రికార్డుల సమితి మాత్రమే కనుక వాటికి స్వతహాగా ముందువెనుకలు లేవు. ఫలితం ఫలానా క్రమంలో కావాలంటే ఎస్‌క్యూఎల్ భాషలో ‘ఆర్డర్ బై’ అని విడిగా అడగాలి. అడిగిన ప్రతిసారీ రికార్డులన్నిటినీ పోగుచేసి పేర్చడం ఖర్చుతో కూడిన పని కావడంతో, క్వెరీని, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను, ఏ దారిలో అమలు చేయాలో నిర్ణయించే ఆప్టిమైజర్ ఆ శ్రమను తప్పించే వీలు కోసం వెతుకుతుంది. విలువలను ముందే క్రమంలో ఉంచుకున్న ఇండెక్స్ ఉన్నచోట, దాని వెంట వెళ్తే రికార్డులు కోరిన వరుసలోనే చేతికందుతాయి. ఐబీఎం వారి ‘సిస్టమ్ ఆర్’ డేటాబేస్ పరిశోధకులు 1979 నాటి పత్రంలోనే ఈ లాభాన్ని లెక్కలోకి తీసుకున్నారు.

చిక్కంతా రెండు పట్టికలను కలిపినప్పుడు వస్తుంది. సినిమాలు ఒక పట్టికలో, పాటలు మరో పట్టికలో ఉండి, సినిమా పేరు, ఆపై పాట సంఖ్య ప్రకారం జాబితా కావలసివస్తే, పేర్ల ఇండెక్స్ వెంట సాగుతూ ఒక్కో సినిమా పాటలను వరుసగా తెస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ ‘దేవదాసు’ పేరుతో 1953లోనూ 1974లోనూ చిత్రాలు వచ్చాయి. పై పద్ధతిలో ఒకదాని పాటలన్నీ ముగిశాకే రెండోదానివి మొదలవుతాయి, అడిగిన క్రమంలోనైతే రెండు చిత్రాల ఒకటో పాటలూ ముందు వచ్చి, రెండో పాటలు ఆ తరువాత రావాలి. కాబట్టి పేరు పునరావృతం కాదని ‘యూనిక్’ నిబంధన హామీ ఇస్తే తప్ప ఆప్టిమైజర్ పేర్చడం మానరాదు. ఎస్‌క్యూలైట్ వంటి డేటాబేస్ వ్యవస్థల్లో ఆ హామీ కూడా చాలదు, ఎందుకంటే విలువ లేదని సూచించే ‘నల్’ యూనిక్ కాలమ్‌లోనూ ఎన్నిసార్లయినా ఉండవచ్చు.

ఇలాంటి చోట ఫలితం సరిగా వచ్చిందని చూసి ఊరుకోవడం అరకొర పరీక్షే అవుతుంది: ఆప్టిమైజేషన్ అసలు పనిచేయకపోయినా, మామూలుగా పేర్చిన ఫలితం సరిగానే ఉంటుంది. అందుకే ఎస్‌క్యూలైట్ పరీక్షల్లో ఆప్టిమైజర్ ఎంచుకున్న దారిని చూపే ‘ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్’ ఆదేశం ద్వారా పేర్చే అంచె నిజంగా తొలగిందో లేదో చూడడంతోపాటు, ఆర్డర్ బై కాలమ్ ముందు ప్లస్ గుర్తు ఉంచి, ఇండెక్స్ క్రమం అక్కరకు రాకుండా చేసి, బలవంతంగా పేర్పించిన ఫలితంతోనూ పోల్చి చూస్తారు. రికార్డులను చిందరవందరగా చేర్చడం మరో జాగ్రత్త. వరుసగా చేర్చిన సమాచారం వరుసగానే తిరిగివచ్చి తప్పును కప్పిపుచ్చగలదు.

పరీక్ష అతిగా అడగడమూ పొరపాటే. రెండు ‘దేవదాసు’ల ఒకటో పాటల్లో ఏది ముందన్నది పై క్వెరీ చెప్పలేదు కనుక, ఎలా వచ్చినా ఒప్పే, విడుదల సంవత్సరాన్ని మూడో కాలమ్‌గా ఆర్డర్ బైలో చేర్చాకే ఆ వరుసను పరీక్ష నిలదీయవచ్చు.