ఒక్క పన్ను తేడా

కారు ఇంజిన్ 3000 ఆర్‌పీఎమ్ దగ్గర ఉందంటే, లోపల క్రాంక్ షాఫ్ట్ సెకనుకు 50 చుట్లు తిరుగుతున్నట్టు. మన ఇంట్లో కరెంటు ఫ్రీక్వెన్సీ కూడా 50 హెర్ట్జే. ఈ లెక్క నాకు చెప్పింది మా మావయ్య. డొంకరాయిలో, సీలేరు నది డ్యామ్ కింద ఉన్న 25 మెగావాట్ల జెన్‌కో పవర్ హౌస్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఊరు వదల్లేదు. కారూ వదల్లేదు.

ఆ కారు ఫియట్ పాలియో 1.6. 2001లో మన దేశంలోకి వచ్చింది, సచిన్ ప్రచారం చేసిన బండి. దాదాపు 100 హార్స్ పవర్, 16 వాల్వులు, ట్విన్ క్యామ్. అంటే గాలి లోపలికి వదిలే వాల్వులకు ఒక క్యామ్ షాఫ్ట్, పొగ బయటికి పంపే వాల్వులకు ఇంకోటి. 1912లో ప్యూజో రేసు కార్లలో వచ్చిన ఐడియా ఇది. 1966లో ఫియట్ 124 స్పోర్ట్ కోసం లాంప్రెడి అనే ఇంజినీర్ చేసిన ట్విన్ క్యామ్‌లో గొలుసు బదులు పళ్ల రబ్బరు బెల్టు వచ్చింది. (అదే 124 బాడీ మన దగ్గర ప్రీమియర్ 118 ఎన్ఈగా తిరిగింది, కానీ లోపల నిస్సాన్ ఇంజిన్. పాపం.)

మైదానంలో ఓ షెడ్డులో బెల్టు మార్పించాక కారు మారిపోయింది. ఐడిల్‌లో వణుకు. సీలేరు ఘాట్ ఎక్కాలంటే ఫస్ట్ గేరే. కాలనీలో రాత్రిపూట ఎవరికైనా బాగోలేకపోతే చింతూరు తీసుకెళ్లేది ఈ కారే కాబట్టి, "ఎలాగోలా నడుస్తోందిలే" అనుకునే వీల్లేదు. అలాగే కిందికి తీసుకెళ్దామంటే, దారిలో బెల్టు ఇంకో రెండు పళ్లు జారితే వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగిపోవచ్చు. అందుకే మావయ్య తెలిసిన మేస్త్రిని భద్రాచలం బస్సులో పైకి రప్పించాడు. సెలవులో ఉన్న నేను టార్చ్ పట్టుకునే అసిస్టెంట్‌ని.

క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. క్యామ్ పుల్లీకి 48 పళ్లున్నాయనుకోండి, ఒక పన్ను తప్పితే క్యామ్ దగ్గర ఏడున్నర డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 15 డిగ్రీలు తేడా. మా సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్-బై-వన్ అంటామే, అదే. కాకపోతే ఇక్కడ రీస్టార్ట్ చేస్తే పోదు.

మేస్త్రి గారు ముందు బ్యాటరీ తీశారు, ప్లగ్గులు విప్పారు. పుల్లీ మీద గుర్తు చూసి ఊరుకోలేదు. "బాబూ, గుర్తులు అబద్ధమాడతాయి. పిస్టన్‌ని అడగాలి" అన్నారు. పిస్టన్ పైకి చేరాక కాసేపు కదలనట్టే ఉంటుంది, కాబట్టి సరిగ్గా ఏది శిఖరమో కంటికి తెలీదు. అందుకని ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రంలో డయల్ గేజ్ పెట్టి, క్రాంక్‌కి డిగ్రీల చక్రం బిగించారు. పిస్టన్ పైకి వస్తున్నప్పుడు ఒక ఎత్తు దగ్గర 18 డిగ్రీలు. శిఖరం దాటి అదే ఎత్తుకి దిగినప్పుడు 12. తేడాలో సగం 3. చక్రాన్ని అంత జరిపితే రెండు వైపులా 15. అప్పుడు చక్రం మీద సున్నా నిజమైన సున్నా.

పిస్టన్‌ని ఆ సున్నా దగ్గర ఆపి, క్యామ్‌లను కదలకుండా పట్టే పనిముట్టు పెట్టారు. ఇన్‌టేక్ వైపు ఠక్కున కూర్చుంది. ఎగ్జాస్ట్ వైపు కూర్చోలేదు. ఒక పన్ను వెనక! పొగ వాల్వు ఆలస్యంగా మూసుకుంటోంది, ఈలోగా గాలి వాల్వు తెరుచుకుంటోంది. రెండూ కలిసి తెరిచి ఉండే సమయం పెరిగి, కాలిన పొగ మళ్లీ సిలిండర్లోకే వస్తోంది. ఐడిల్ వణుకు అందుకే.

మావయ్య నవ్వాడు. "జనరేటర్‌ని గ్రిడ్‌కి కలిపేటప్పుడు మేం చేసేదీ ఇదేరా. సింక్రోస్కోప్ ముల్లు మెల్లగా తిరిగి 12 దగ్గరికి వచ్చాకే బ్రేకర్ వేస్తాం. తొందరపడితే షాఫ్ట్ మీద దెబ్బ పడుతుంది."

పాత బెల్టు మళ్లీ వెయ్యలేదు. కొత్త బెల్టు, కొత్త టెన్షనర్. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే బిగువు సరిచేశారు. తర్వాత నాకు నచ్చిన భాగం. సెల్ఫ్ కొట్టకుండా, క్రాంక్ బోల్టుకి పానా వేసి, ఇంజిన్ తిరిగే దిక్కుకే, చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పారు. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపెయ్యాలి, బలం పెట్టకూడదు. ఆ రెండు చుట్లకి పది నిమిషాలు తీసుకున్నారు. మళ్లీ సున్నా దగ్గర ఆపి పనిముట్టు పెడితే, ఈసారి రెండు వైపులా కూర్చుంది.

సాయంత్రం సీలేరు వైపు ఎక్కించాం. ముగ్గురం, థర్డ్ గేర్. ఏసీ మాత్రం వెయ్యనివ్వలేదు మావయ్య.