టర్బైన్ బ్లేడుకు అల్యూమినియం కవచం

హైదరాబాద్: విమాన ఇంజిన్లలోని టర్బైన్ బ్లేడ్లకు వేడితో పాటు ఉప్పు కూడా శత్రువే. కంచన్‌బాగ్‌లో సూపర్ అల్లాయ్‌లను తయారుచేసే మిధాని, వాటి పూతలపై పరిశోధించిన డీఎంఆర్‌ఎల్ సంస్థలకు ఇది చిరపరిచితమైన సమస్య.

సముద్రపు గాలిలోని సోడియం, ఇంధనంలోని గంధకం కలిసి సోడియం సల్ఫేట్‌గా మారి బ్లేడుపై పేరుకుంటాయి. 884 డిగ్రీల సెల్సియస్ వద్ద అది కరిగి, లోహాన్ని కాపాడే ఆక్సైడ్ పొరను హరిస్తుంది. ఆపై తుప్పు లోలోపలికి పాకుతుంది. పైకి కనిపించేవి చిన్న పొక్కులే. ఆకాశంలో ఉండగా బ్లేడు విరిగితే మాత్రం ఇంజిన్‌కే ముప్పు.

నివారణ విధానం వింటే కుమ్మరి ఆవం గుర్తుకు రాక మానదు. అల్యూమినియం, అల్యూమినా, అమ్మోనియం క్లోరైడ్ పొడుల మిశ్రమంలో బ్లేడును పూడ్చి, గాలి సోకని కొలిమిలో గంటల తరబడి వేడిచేస్తారు. అల్యూమినియం నికెల్‌తో కలిసి, ఇంచుమించు తలవెంట్రుకంత మందాన అల్యూమినైడ్ పొరగా ఏర్పడుతుంది. వాడుకలో దానిపై పుట్టే అల్యూమినాయే అసలు కవచం. ముందుగా ప్లాటినం పూత వేస్తే మన్నిక పెరుగుతుంది. జిర్కోనియా పింగాణీ పూత సంగతి వేరు. అది వేడిని తగ్గిస్తుందే గాని ఉప్పును ఆపలేదు.

పొరలోని అల్యూమినియం క్రమేణా తరిగిపోతుంది. అందువల్ల ఇంజిన్ మరమ్మతు సమయంలో బ్లేడ్లను పరీక్షించి, అవసరమైన వాటికి పాత పూత తొలగించి కొత్తది వేస్తారు.