ఇంటి పనికి నెయిల్ గన్: కొనేముందు చూడవలసినవి

ఒకప్పుడు ఇంట్లో చిన్న చెక్కపని వస్తే సుత్తి, నాలుగు మేకులు ఉంటే సరిపోయేది. ఇప్పుడు వడ్రంగి చేతిలో తరచుగా నెయిల్ గన్ కనిపిస్తోంది. అలమరా అంచుకు బీడింగ్ కొట్టాలన్నా, ప్లైవుడ్ అతికించాలన్నా "టక్"మని ఒక్క దెబ్బతో మేకు దిగిపోతుంది. అది చూసిన ఇంటి యజమానికి "మనమూ ఒకటి కొనుక్కుంటే పోలా?" అనిపించడం సహజమే. అమెరికాలో స్థిరపడిన మన పిల్లల ఇళ్లలో ఈ ఆలోచన మరీ త్వరగా వస్తుంది. అక్కడి ఇళ్లు చాలావరకు చెక్క చట్రాలతో కట్టినవి. పనివాడిని పిలిస్తే ఖర్చు ఎక్కువ. కాబట్టి సెలవు దినాలలో ఎవరి ఇంటి మరమ్మతు వారే చేసుకోవడం అక్కడ అలవాటు.

ప్రియ పాఠకులారా, నెయిల్ గన్ కొనవద్దని మేము చెప్పడం లేదు. అయితే ఏ పనిముట్టయినా కొనేటప్పుడు మనం ధర చూస్తాం, బలం చూస్తాం, వేగం చూస్తాం. నెయిల్ గన్ విషయంలో వీటన్నిటికంటే ముందు చూడవలసింది మరొకటి ఉంది. అది దాని ట్రిగ్గర్. ఎందుకో వివరంగా చూద్దాం.

ముందు మన గోడ ఎలాంటిదో చూడాలి

మన తెలుగునాట గోడలు ఎక్కువగా ఇటుకలతో, సిమెంటుతో కట్టినవి. చెక్క కోసం తయారైన నెయిల్ గన్ ఈ గోడల మీద పనికిరాదు. మేకు వంగిపోతుంది, లేదా ఎగిరి వచ్చి మనకే తగులుతుంది. ఫొటో, గడియారం, కర్టెన్ రాడ్డు తగిలించడానికి డ్రిల్లుతో రంధ్రం చేసి, ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి, స్క్రూ బిగించడమే సరైన పద్ధతి. కాంక్రీటులోకి మేకులు దించే గన్‌లు వేరే ఉన్నాయి. వాటిలో కొన్ని మందుగుండు తూటాతో పనిచేస్తాయి. అవి శిక్షణ పొందినవారి చేతిలో ఉండవలసినవే గాని ఇంట్లో ఉంచుకునే వస్తువులు కావు.

అమెరికా ఇళ్ల సంగతి వేరు. అక్కడ లోపలి గోడ సాధారణంగా జిప్సం బోర్డు. దాని వెనుక నిలువుగా చెక్కలు ఉంటాయి. వీటిని స్టడ్‌లు అంటారు. మేకు ఈ చెక్కలోకి దిగితేనే పట్టు. ఉత్త జిప్సం బోర్డులోకి దిగితే నిలవదు. పైగా ఆ గోడ లోపలే కరెంటు తీగలు, నీటి పైపులు వెళుతుంటాయి. కాబట్టి లోపల ఏముందో తెలుసుకోకుండా పొడవైన మేకు కొట్టడం మంచిది కాదు.

ఏ పనికి ఏ గన్?

గన్ రకాలను గేజ్ అనే అంకెతో గుర్తిస్తారు. అంకె పెరిగేకొద్దీ మేకు సన్నబడుతుంది.

1. 23 గేజ్ పిన్ గన్: సూది వంటి సన్నని పిన్నులు దించుతుంది. జిగురు ఆరేవరకు సన్నని బీడింగ్‌ను పట్టి ఉంచడానికి చాలు.

2. 18 గేజ్ బ్రాడ్ గన్: సన్నని మేకులు. బీడింగ్, ఫొటో ఫ్రేములు, సొరుగుల వంటి చిన్న పనులకు సరిపోతుంది. చెక్క పగిలే భయం తక్కువ.

3. 15, 16 గేజ్ ఫినిష్ గన్: తలుపు చట్రాల చుట్టూ కొట్టే పట్టీలకు, గోడ అడుగున వేసే స్కర్టింగ్ చెక్కలకు వాడతారు.

4. ఫ్రేమింగ్ గన్: రెండు నుండి మూడున్నర అంగుళాల మేకులను దూలాలలోకి దించుతుంది. ఇది ఇల్లు కట్టేవారి పనిముట్టు. సాధారణ గృహస్థుకు దీని అవసరం అరుదు.

సామాన్య కుటుంబానికి 18 గేజ్ గన్ చాలు. అయితే సన్నని మేకు పట్టి ఉంచుతుంది గాని బరువు మోయదు. పుస్తకాల అర, పసిపాప మంచం వంటివాటిని గన్ మేకుల మీద నమ్మి వదలకూడదు. అక్కడ స్క్రూలే వాడాలి.

గాలా, బ్యాటరీయా?

మన వడ్రంగుల దగ్గర ఎక్కువగా కనిపించేది గాలితో నడిచే గన్. గన్ తేలికగా ఉంటుంది, ధర కూడా తక్కువ. కాని దానికి కంప్రెసర్, గొట్టం కావాలి. చప్పుడు ఎక్కువ. బ్యాటరీ గన్‌కు గొట్టం బెడద లేదు గాని బరువు, ధర ఎక్కువ. గ్యాస్ డబ్బాతో నడిచే రకమూ ఉంది. దానికి గ్యాస్ డబ్బాలు కొంటూనే ఉండాలి. ఏడాదికి నాలుగైదు సార్లు వాడే ఇంటికి బ్యాటరీ గన్ అనుకూలం. ఇంట్లో కంప్రెసర్ ముందే ఉంటే గాలి గన్ లాభం.

అన్నిటికంటే ముఖ్యం ట్రిగ్గర్

నెయిల్ గన్ మూతి చెక్కకు ఆనితేనే మేకు వదులుతుంది. అయితే ఇందులో రెండు ప్రధాన పద్ధతులు ఉన్నాయి. మొదటిది కాంటాక్ట్ ట్రిగ్గర్. మీట నొక్కిపట్టి ఉంచితే మూతి తాకిన ప్రతిసారీ మేకు దూసుకువస్తుంది. పని వేగంగా సాగుతుంది. కాని మూతికి తాకింది చెక్కా, మన మోకాలా, పక్కన పట్టుకున్నవారి చెయ్యా అనేది యంత్రానికి తెలియదు. ఒక మేకు దిగిన వెంటనే గన్ వెనక్కి తన్ని మళ్లీ ఆనితే, మనం అనుకోని రెండో మేకు కూడా వస్తుంది.

రెండవది ఫుల్ సీక్వెన్షియల్ ట్రిగ్గర్. ముందు మూతి ఆనించాలి, తరువాత మీట నొక్కాలి. అప్పుడు ఒక్క మేకు మాత్రమే వస్తుంది. రెండో మేకుకు మీటనూ మూతినీ వదిలి మళ్లీ మొదలుపెట్టాలి. ప్రతి మేకుకూ మనం ఒకసారి నిర్ణయించుకోవలసిందే. అమెరికా ప్రభుత్వ సంస్థలు ఓషా, నియోష్ 2011లో వెలువరించిన మార్గదర్శిలో దీనినే అన్నిటికంటే సురక్షితమైన పద్ధతిగా సూచించాయి.

ఇది కేవలం పనివారి సమస్య అనుకోవద్దు. అమెరికాలోని సి.డి.సి. సంస్థ 2007లో ప్రచురించిన లెక్కలు చూడండి. 2001 నుండి 2005 వరకు ఏటా సుమారు 37,000 మంది నెయిల్ గన్ గాయాలతో ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చారు. వారిలో సుమారు 14,800 మంది ఉద్యోగరీత్యా పనిచేసేవారు కారు, సొంత పనులు చేసుకునేవారే. 1991లో ఇటువంటివారి సంఖ్య సుమారు 4,200 మాత్రమే. గాయాలలో ఎక్కువ భాగం చేతులకు, వేళ్లకు తగిలినవే. చేతి పని మీదనే ఇల్లు గడిచే కుటుంబంలో ఒక వేలు పనిచేయకపోతే ఏమవుతుందో మనం చెప్పనవసరం లేదు.

ఇంట్లో ఇంటి వాడుకకు వేగం ఎందుకు? ఇరవై మేకులు కొట్టడానికి రెండు నిమిషాలు ఎక్కువ పడితే నష్టమేముంది? కాబట్టి దుకాణంలో మొదటి ప్రశ్నగా "ఇది ఫుల్ సీక్వెన్షియల్ ట్రిగ్గరేనా?" అని అడగండి. కాదంటే, అలాంటి ట్రిగ్గర్ అమర్చే వీలుందా అని అడగండి. రెండూ లేకపోతే మరో గన్ చూపించమనండి.

ఇంట్లో తప్పక పాటించవలసినవి

1. కళ్లద్దాలు పెట్టుకోకుండా గన్ పట్టుకోవద్దు. మామూలు చూపు కళ్లద్దాలు చాలవు, దెబ్బను ఆపే రక్షణ అద్దాలు కావాలి. చెవులకూ రక్షణ అవసరం.

2. మేకు దిగే చోటికి కనీసం అడుగు దూరంలో చెయ్యి ఉంచండి. చెక్కలో ముడి తగిలితే మేకు పక్కకు తిరిగి బయటికి రావచ్చు.

3. మేకు ఇరుక్కుంటే ముందు గాలి గొట్టం ఊడదీయండి, లేదా బ్యాటరీ తీసివేయండి. ఆ తరువాతనే చెయ్యి పెట్టండి.

4. గన్ మోసుకువెళ్లేటప్పుడు మీట మీద వేలు ఉంచవద్దు.

5. మేకు శరీరంలోకి దిగితే ఇంట్లో లాగవద్దు. మేకులకు ముళ్ల వంటివి ఉండవచ్చు. లాగితే గాయం పెద్దదవుతుంది. అలాగే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

తల్లిదండ్రులకు ఒక మాట. దీని పేరులోనే గన్ ఉంది, ఆకారమూ తుపాకీదే. పిల్లవాడికి అది బొమ్మగానే కనిపిస్తుంది. పని ముగియగానే మేకులు తీసివేసి, బ్యాటరీ వేరుగా పెట్టి, తాళం వేసి ఉంచండి. పిల్లల వైపు సరదాకైనా గురిపెట్టవద్దు. తండ్రి సరదాగా చేసింది కొడుకు ఆటగా నేర్చుకుంటాడు.

నిజంగా అవసరమా?

చివరగా, మన ఇంటి అవసరం ఎంతో లెక్క వేసుకుందాం. ఏడాదికి పది మేకులకైతే సుత్తి చాలు. ఒకేసారి పెద్ద పని ఉంటే అమెరికాలో పనిముట్లు అద్దెకు ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. ఇక్కడైతే గన్ ఉన్న వడ్రంగిని ఒక రోజుకు పిలిస్తే పని అందంగా అవుతుంది, ఆయన ఇంటికీ నాలుగు రూపాయలు చేరుతాయి. తరచుగా చెక్కపని చేసుకునే అభిరుచి, ఓపిక ఉన్నవారు మాత్రం తప్పక కొనుక్కోవచ్చు. అలా కొన్నవారు మేకు మేకుకూ ఒక్క క్షణం ఆగి చూసే అలవాటు కూడా చేసుకోవాలి.