పత్తికీ మిర్చికీ నడుమ ఓ మంచుకొండ

సంక్రాంతి సెలవులు ఇంకా నెల ఉండగానే గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ట్రావెల్ ఆఫీసుల ముందు ఫ్లెక్సీలు మారిపోతాయి. తిరుపతి, అరకు, ఊటీ పక్కకు జరిగి, ఎర్ర జాకెట్లు వేసుకుని మంచు విసురుకుంటున్న జంట వచ్చి నిలబడుతుంది. వెనకాల తెల్లటి కొండ, కాళ్లకు పొడవాటి బద్దలు. ‘ఆరు రోజులు, అయిదు రాత్రులు, స్కీయింగ్‌తో సహా’ అని కింద పెద్దక్షరాలు. ఆ ఫొటో ఏ నెలలో తీశారో మాత్రం ఎక్కడా రాయరు. మంచుకొండకు బయల్దేరేవాళ్లు అన్నిటికన్నా ముందు అడగాల్సింది అదే.

ఎందుకంటే మన సెలవులు వేరు, మంచు రాక వేరు. కాశ్మీరీలు చలికాలాన్ని మూడు ముక్కలు చేసుకున్నారు. డిసెంబరు 21 నుంచి 40 రోజులు చిల్లై కలాన్, ఆ తర్వాత 20 రోజులు చిల్లై ఖుర్ద్, చివర్న ఓ 10 రోజులు చిల్లై బచ్చా. ఒళ్లు గడ్డకట్టే చలి మొదటి నలభై రోజుల్లోనే. అయితే చలి ఉన్నంత మాత్రాన మంచు ఉండాలని లేదు. మనకు బంగాళాఖాతంలో వాయుగుండం ఎలాగో, పడమటి హిమాలయాలకు మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే అలజడులు అలాగ. అవి వస్తే మంచు, రాకపోతే ఎండిన గడ్డి. 2024 జనవరిలో గుల్మార్గ్ దాదాపు నెలంతా బోడిగా ఉంది. సంక్రాంతి సెలవుల్లో వెళ్లినవాళ్లకు కనబడింది ఆ గడ్డే. మంచు నెలాఖరుకు గానీ పడలేదు. మరుసటి ఏడాది ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో గుల్మార్గ్ పోటీలు ఫిబ్రవరి 22న మొదలు కావాల్సి ఉండగా, మంచు చాలక వాయిదా పడి మార్చి 9 నుంచి 12 దాకా జరిగాయి. దేశంలోని మేటి ఆటగాళ్ల కోసం ప్రభుత్వం పెట్టుకున్న తేదీలనే మంచు ఖాతరు చేయలేదు. మన ప్యాకేజీ తేదీలు ఎంత!

అందుకే నా లెక్కలో మొదట తేదీ, తర్వాత నేర్పే మనిషి, ఆ తర్వాతే కొండ. జనవరి ఆఖరి వారం నుంచి మార్చి మొదటి వారం దాకా అయితే నమ్మకం ఎక్కువ. చిక్కల్లా ఏమిటంటే సరిగ్గా అప్పుడే పల్నాడులో, మార్కాపురం వైపు మిర్చి కోతలు ఊపందుకుంటాయి. ఫిబ్రవరి దాటిందంటే గుంటూరు యార్డు దారుల్లో టిక్కీల లోడు లేని బండి కనబడదు. పంట ఉన్న ఇంట్లో అప్పుడు మంచు మాటెత్తితే, ‘ఇక్కడ కోతకు మనుషులు దొరక్క చస్తుంటే నీకు కొండలు కావాల్సొచ్చాయిరా’ అన్న దీవెన తప్పదు. అలాంటి ఇళ్లకు మిగిలేది పత్తి చివరి తీత అయిపోయి మిర్చి తొలి కోతకు కూలీలు కుదిరేలోపు దొరికే సందు. ఇంచుమించు గణతంత్ర దినోత్సవం ఉన్న వారం. ఉద్యోగాల్లో ఉన్న పిల్లలకు ఆ బెడద లేదు. వాళ్లు ఫిబ్రవరి నడిమధ్య వారాన్ని పట్టుకోవడం మేలు.

ఇక ఎక్కడికి? మన దేశంలో పేరున్నవి మూడు. సోలాంగ్, ఔలీ, గుల్మార్గ్. షిమ్లా దగ్గరి కుఫ్రీ, నార్కండ కూడా ఉన్నాయి గానీ వాటి కోసం ఇంత దూరం నుంచి పనిగట్టుకుని వెళ్లమని చెప్పను.

సోలాంగ్ మనాలికి 13 కిలోమీటర్లు. దారి పొడవునా అంకెలు వేసిన చిన్న చిన్న కొట్లు. డ్రైవరు తనకు తెలిసిన అంకె దగ్గర బండి ఆపుతాడు. లోపల రంగురంగుల ఓవరాల్స్, రబ్బరు బూట్లు గుట్టలుగా ఉంటాయి. వాటిని తొడుక్కుని, కొండ మీద ఓ అరగంట బద్దలెక్కి, పక్కనున్నవాడు చెయ్యి పట్టుకుని నాలుగు బారలు జార్చితే ఫొటో వస్తుంది. కొత్త జంటలకు, చిన్నపిల్లలున్నవాళ్లకు అది చాలు. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరుచుకున్నాక సోలాంగ్‌లో మంచు లేకపోతే అవతల సిస్సూ వైపు వెతుక్కునే వీలూ కలిగింది. నిజంగా నేర్చుకుందామనుకునేవాళ్లకు మాత్రం మనాలిలోని పర్వతారోహణ సంస్థ ఉంది. 1961లో పుట్టిన ఈ సంస్థకు ఇప్పుడు అటల్ బిహారీ వాజ్‌పేయి పేరు పెట్టారు. సోలాంగ్ వాలుల మీద రోజుల తరబడి స్కీయింగ్ కోర్సులు నడుపుతుంది. 2018లో టర్కీలో కాంస్యం గెలిచి, అంతర్జాతీయ స్కీయింగ్‌లో దేశానికి తొలి పతకం తెచ్చిన ఆంచల్ ఠాకూర్ ఈ మనాలి అమ్మాయే.

ఔలీకి వెళ్లే దారి మనవాళ్లకు కొత్తది కాదు. బదరీనాథ్ యాత్ర చేసినవాళ్లందరూ రిషీకేశ్, దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగల మీదుగా జోషిమఠ్ దాకా ఆ కొండదారిలో వెళ్లినవాళ్లే. శీతాకాలంలో బదరీనాథ్ తలుపులు మూసినప్పుడు ఆది శంకరుల గద్దె జోషిమఠ్ నరసింహస్వామి గుడికి దిగివస్తుంది. మంగళగిరి పానకాల స్వామికి మొక్కే ఇంటి నుంచి బయల్దేరిన పెద్దవాళ్లకు ఆ దర్శనం ఒక ఆకర్షణ. పిల్లలు పైన జారుతుంటే వాళ్లు కింద స్వామిని చూసుకోవచ్చు. ఆ గుడికి పైన ఔలీ వాలులు 2,500 నుంచి 3,000 మీటర్ల ఎత్తుదాకా పరుచుకుని ఉంటాయి. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి. వాలులు మరీ నిటారుగా ఉండవు, గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ ఏడు రోజుల, పద్నాలుగు రోజుల కోర్సులు నడుపుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా ఒద్దికైన చోటు మన దేశంలో లేదన్నది నా అభిప్రాయం. లోపాలూ చెప్పాలి. 2023 జనవరిలో జోషిమఠ్ నేల కుంగి ఇళ్లు బీటలు వారినప్పుడు ఔలీ రోప్‌వే ఆగిపోయింది. పాత బ్రోచర్లలో ఆ తీగబండి బొమ్మ ఇంకా వేలాడుతోంది గానీ ఎక్కేది మాత్రం కారే. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలకు వేదికైన ఈ కొండ మీదే మంచు చాలక పోటీలు రద్దయిన ఏళ్లూ ఉన్నాయి. డెహ్రాడూన్ నుంచి ఒక పూర్తి పగలు రోడ్డు మీదే గడిచిపోతుంది. మలుపులకు కడుపు తిప్పేవాళ్లు ఆలోచించుకోవాలి.

గుల్మార్గ్ కథ వేరు. ఊరే 2,650 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడినుంచి గండోలా రెండు అంచెలుగా పైకి వెళ్తుంది. 1998లో తెరిచిన మొదటి అంచె కొంగ్‌డూరి దాకా, 2005లో వచ్చిన రెండో అంచె అఫర్వత్ కొండ భుజం మీదికి, దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు. ప్రపంచం నలుమూలల నుంచి విదేశీయులు వచ్చేది ఆ పై అంచె కోసమే. ఎవరూ తొక్కని పిండిలాంటి మంచు, చదును చేయని లోయలు. మనలాంటి కొత్తవాళ్లకు అక్కడ పని లేదు. టికెట్ కొనుక్కుని వెళ్లి, చూసి, ఊపిరి బరువెక్కుతుండగా అదే గండోలాలో దిగిరావాలి. మనం నేర్చుకునేది కింద గోల్ఫ్ మైదానంలో. వేసవిలో పచ్చిక పరుచుకుని ఉండే ఆ మెల్లని వాలే చలికాలంలో బాలశిక్ష. పైకి లాగే చిన్న తాడు లిఫ్టులు, చుట్టూ పడుతూ లేస్తూ మనలాంటివాళ్లే వందమంది. కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ కూడా ఇక్కడే ఉంది. దాని కోర్సులో సీటు దొరికితే ట్రావెల్ ప్యాకేజీ జోలికే పోనక్కర్లేదు. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు భారత్ నుంచి వెళ్లిన ఒకే ఒక్క ఆటగాడు ఆరిఫ్ ఖాన్ ఈ ప్రాంతంవాడే. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచాడు.

శ్రీనగర్ విమానాశ్రయం నుంచి గుల్మార్గ్ యాభై కిలోమీటర్ల పైమాటే. మంచు గట్టిగా పడితే టంగ్‌మార్గ్ దగ్గర మన టాక్సీ ఆగిపోతుంది. అక్కడినుంచి చక్రాలకు గొలుసులు కట్టిన బండి ఎక్కాలి. దిగీ దిగగానే బూట్లు, కోట్లు, స్లెడ్జి, గైడు అంటూ చుట్టుముడతారు. బేరం మనకు కొత్తా? యార్డులో టిక్కీకి పది రూపాయల దగ్గర పట్టుబట్టే ఊరు మనది. కాకపోతే బేరం ఆడాల్సింది స్లెడ్జి దగ్గర, నేర్పే మాస్టారు దగ్గర కాదు. ఇంకో మాట. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు కాశ్మీర్‌లో పనిచేయవు. ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

కాశ్మీర్ అనగానే మన ఇళ్లలో పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది, దాన్ని తప్పించుకోకూడదు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో జరిగిన దాడిలో ప్రాణాలు పోయినవాళ్లలో మన రాష్ట్రంవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత చాలా పర్యాటక ప్రదేశాలను మూసి, దశలవారీగా తెరుస్తూ వచ్చారు. వెళ్లాలా వద్దా అన్నది ఎవరింటి నిర్ణయం వాళ్లది. వెళ్తే మాత్రం ఆ వారం ఏది తెరిచి ఉందో అధికారిక ప్రకటన చూసుకునే బయల్దేరాలి, ఏజెంటు మాట మీద కాదు.

స్కీనా, స్నోబోర్డా అని కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు. ఉన్నవి నాలుగు రోజులే అయితే స్కీ. రెండు కాళ్లకు రెండు బద్దలు, చేతుల్లో కర్రలు. ముందుకొసలు దగ్గరికి, మడమలు దూరానికి తోసి ఆగడం మొదటి పూటే వస్తుంది, రెండో రోజుకు మెల్లగా తిరగడం వస్తుంది. నిజమైన కష్టం ఆ తర్వాత, నేర్పు కోసం ఏళ్లు పడుతుంది. స్నోబోర్డు తిరగేసిన కథ. రెండు పాదాలూ ఒకే పలక మీద బిగించి పక్కవాటుగా నిలబడాలి. మొదటి రెండు రోజులు పిర్రల మీదా మోకాళ్ల మీదా పడటమే పని. అక్కడ ఓర్చుకుంటే తర్వాత తొందరగా వంటబడుతుంది. పడేటప్పుడు అరచేయి ఆనిస్తే మణికట్టు పోతుంది, అందుకే పిడికిలి బిగించి ముంజేతుల మీద పడమంటారు. స్కీలో ఎక్కువగా దెబ్బతినేది మోకాలు. అద్దె స్కీ ఇచ్చేటప్పుడు మీ బరువు అడగకుండా బిగించాడంటే అక్కడే ఆగండి. పడినప్పుడు బూటు బద్ద నుంచి ఊడిపోయే బిగింపు బరువును బట్టే పెట్టాలి. ఊడాల్సినప్పుడు ఊడకపోతే తిరిగేది మోకాలే.

బూటు సంగతి మరీ ముఖ్యం. గట్టి ప్లాస్టిక్ డొప్ప, ముందు నాలుగు కొక్కేలు. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు గోడకు తాకాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి రావాలి. మడమ లేవకూడదు. చలేస్తుందని రెండు జతల సాక్సులు వేసుకుంటారు మనవాళ్లు. రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. పొడుగాటి ఉన్ని సాక్సు ఒక్క జత చాలు.

బట్టల దగ్గర మన జిల్లాలకు ఒక ఎదురుదెబ్బ. పత్తి పండించే నేల నుంచి వెళ్లే మనం ఒంటికి నూలు తగలనివ్వకూడదు. బనీను, జీన్సు, కాటన్ స్వెట్‌షర్టు చెమటనూ మంచు తడినీ పీల్చుకుని వదలవు, ఒంట్లో వేడినంతా లాగేస్తాయి. లోపల ఉన్ని లేదా పాలిస్టర్ థర్మల్స్, మధ్యన ఫ్లీస్, పైన నీరు దిగని జాకెట్టు, ప్యాంటు. గుంటూరువాళ్లలో చాలామందికి తెలిసిన గట్టి చలి మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీల్లోదే, అది సున్నాకు పైనే. గుల్మార్గ్‌లో జనవరి రాత్రులు మైనస్ పదికి దిగుతాయి. అయినా మైదానాల ఒళ్లు దానికి పనికిరాదనుకోనక్కర్లేదు. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కాడు. నిజామాబాద్ అమ్మాయి మలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ మీద నిలబడింది. తిండికి బెంగ వద్దు. రోగన్ జోష్ ఎర్రగా చూసి జంకక్కర్లేదు, కాశ్మీరీ మిర్చిది రంగే గానీ మన కారం కాదు. పచ్చడి సీసా ఎటూ పెట్టెలో ఉంటుంది.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు ఇంకో దారి ఉంది. సియాటిల్‌లో ఉంటే స్నోక్వాల్మీ గంట ప్రయాణం. బే ఏరియా వాళ్లకు టాహో నాలుగు గంటలు. డల్లాస్ నుంచి డెన్వర్‌కు విమానం. అక్కడ వాలులకు రంగులుంటాయి. పచ్చ గుండ్రం మనకు, నీలం చదరం రెండో ఏటికి, నల్ల వజ్రం చూసి రావడానికి. పేరున్న రిసార్టుల్లో అప్పటికప్పుడు కొనే ఒకరోజు టికెట్ 200 డాలర్లు దాటడం మామూలే. అందుకే సీజన్‌కు ముందే ఎపిక్, ఐకన్ లాంటి పాసులు కొంటారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు అవీ అనవసరం. చిన్న కొండ మీద పాఠం, అద్దె సామాను, కింది లిఫ్టు కలిపి ఇచ్చే కొత్తవాళ్ల ప్యాకేజీ చాలు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు 2005లో కట్టిన స్కీ దుబాయ్ ఉంది. పైకప్పు కింద 400 మీటర్ల వాలు. హిమాలయానికి ముందు కాళ్లకు అలవాటు చేసుకోవడానికి పనికొస్తుంది.

ప్రమాదం గురించి ఒక్కమాట. 2023 ఫిబ్రవరిలో గుల్మార్గ్ పైన మంచుచరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ వాసులు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ చనిపోయారు. వాళ్లు చదును చేసిన వాలు దాటి వెళ్లినవాళ్లు. కొత్తవాళ్లు ఆ గీత దాటే సందర్భమే రాకూడదు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు సాహస క్రీడలకు వర్తిస్తుందో లేదో కాగితం మీద చూసుకోండి. చాలా పాలసీల్లో ఉండదు.

ఇక అడ్వాన్సు కట్టేముందు ఏజెంటుకు కాదు, కొండ మీది హోటలుకే ఫోన్ చేయండి. ఇవాళ కింది వాలు మీద మంచు ఎన్ని అడుగులుంది? లిఫ్టు నడుస్తోందా? మాస్టారు ఒకరికి ఎంతమందిని చూస్తాడు, హిందీ తప్ప ఇంకేం మాట్లాడతాడు? మా అబ్బాయి పాదం ఇరవై ఆరున్నర సెంటీమీటర్లు, ఆ సైజు బూటు ఉందా? దారి మూసుకుపోయి మేం రాలేకపోతే డబ్బు వెనక్కిస్తారా, తేదీ మారుస్తారా? గదిలో హీటరు రాత్రంతా ఉంటుందా, కరెంటు పోతే ఏం చేస్తారు?