సుబ్బారాయుడి సంసారం

"పాముకు పాలుపోసి పెంచినట్లు" అని మనవాళ్ళు తరచు వాడే మాట వొకటి వుంది. చేసిన మేలు మరచి కాటు వేసేవాణ్ణి గురించి అలా అంటారు. ఇరవయ్యేళ్ళుగా తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి గనుక సామెతలంటే నాకు గౌరవమే. అయినా నిరుడు వేసవి సెలవుల్లో అమెరికాలో మా అక్కగారింట నెల్లాళ్ళు వుండి వచ్చాక, ఈ సామెత క్లాసులో ఎప్పుడు తగిలినా దానికొక చిన్న వ్యాఖ్యానం కూడా చేరుస్తున్నాను. పాము పాలు తాగదు. పెంచడమంటే మనకు తోచింది పొయ్యడమూ కాదు.

డాలస్ నగరానికి చేరువలో వున్న ఆ యింట్లో అయిదుగురి కాపురం. అక్క, బావగారు, బావగారి తల్లి—ఆవిడను నేను అత్తయ్యగారని పిలుస్తాను—పదహారేళ్ళ మేనల్లుడు, అతని పాము. మేనల్లుడు దానికి మొదట పెట్టిన పేరు నూడుల్. ఇప్పుడు ఇంటిల్లిపాదీ పిలిచేది మాత్రం సుబ్బారాయుడని. పేరు ఎలా మారిందో తరువాత చెబుతాను.

అమెరికావాళ్ళు కార్న్ స్నేక్ అనే జాతి అది. మొక్కజొన్న పాము అనుకోవచ్చు. పొట్టమీది నలుపు తెలుపు గళ్ళు మొక్కజొన్న గింజల్లా వుంటాయి గనుక ఆ పేరు వచ్చిందని కొందరూ, మొక్కజొన్న గాదెల్లో ఎలుకల కోసం తిరుగుతుంది గనుక వచ్చిందని కొందరూ అంటారు. ఆ దేశపు ఆగ్నేయ భాగం దాని పుట్టినిల్లు. నారింజ రంగు వొంటిమీద ఎర్రటి మచ్చలూ, వాటికి నల్లని అంచులూ! విషం లేదు. మన జెర్రిపోతుకు దూరపు చుట్టం. సుబ్బారాయుడు అడవిలో పట్టి తెచ్చినవాడు కాడు. పెంపకందార్ల ఇంట్లోనే గుడ్డు పగిలి పుట్టినవాడు. ఇప్పుడు నాలుగడుగుల పొడుగూ, ఆరేళ్ళ వయస్సూనూ.

ఇల్లు కట్టి చూడు

పిల్లవాడికి పదేళ్ళప్పుడు, 2019లో, పాము కావాలని పేచీ పెట్టాడు. బావగారు కాదనలేదు గాని, వొక షరతు పెట్టారు. "ముందు ఇల్లు సిద్ధం చెయ్యి. ఆ ఇంట్లో ఎండా నీడా సరిగా వున్నాయని నెలరోజులు లెక్క రాసి చూపించు. అప్పుడు అద్దెకుండేవాడి సంగతి చూద్దాం" అన్నారట. నెలరోజులూ ఆ పిల్లవాడు ఖాళీ పెట్టె ముందు కూర్చుని పొద్దునా సాయంకాలమూ ఉష్ణోగ్రతలు రాసుకున్నాడు. మా విద్యార్థులు హాజరుపట్టీకి ఇచ్చే మర్యాద కంటే ఎక్కువ మర్యాద ఆ పుస్తకానికి జరిగింది.

ఆ ఇల్లు నేను చూశాను. నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. కనీసం పాము ఎంత పొడుగో పెట్టె అంత పొడుగుండాలి. వొళ్ళు సాచుకునే వీలుండాలి గదా! ముందువైపు జరిపే అద్దాలు, వాటికి తాళం. ఈ తాళం అలంకారానికి కాదు. తల పట్టే సందు దొరికితే పాము మొత్తం పట్టినట్లే. అడుగున ఆస్పెన్ చెక్కను చిత్రికపట్టిన పొట్టు మూడంగుళాల మందాన పరిచి వుంది. సుబ్బారాయుడు అందులో సొరంగాలు తవ్వుకుంటాడు. దేవదారు పొట్టు మాత్రం పనికిరాదు. దాని నూనెల ఘాటు పాములకు హాని చేస్తుంది.

అన్నిటికంటె ముఖ్యం వేడి. మనం తిన్న అన్నం అరగడానికి కావలసిన వేడి మన వొంట్లోనే పుడుతుంది. పాముకు ఆ వసతి లేదు. వేడి కావాలంటే వెచ్చని చోటికి పోవాలి, చల్లదనం కావాలంటే చల్లని చోటికి. కనుక పెట్టె వొక చివర 30 డిగ్రీల సెంటీగ్రేడు, రెండో చివర 24 వుండేటట్లు దీపం అమర్చారు. హద్దు మీరకుండా దానికొక థర్మోస్టాట్; అది చెప్పేది నిజమో కాదో చూడడానికి రెండు వైపులా రెండు థర్మామీటర్లు. రాయిలా కనిపించే వేడిబిళ్ళలు అంగళ్ళలో దొరుకుతాయిగాని, వాటిమీద పడుకుని పొట్ట కాల్చుకునే పాములున్నాయట.

దాక్కునే గూళ్ళు మాత్రం రెండెందుకో నాకు బోధపడలేదు. అడిగాను.

"వొకటే పెడితే, అది చల్లని వైపు వుందనుకో మామయ్యా, భయం వేసినప్పుడల్లా అక్కడే దాక్కుంటుంది. వేడి కావలసినా బయటికి రాదు. తిన్నది అరగదు. వెచ్చగా వుండడమా, భద్రంగా వుండడమా అని దాన్ని తేల్చుకోమనకూడదు. రెండూ వొకేచోట దొరకాలి" అన్నాడు.

పదహారేళ్ళ కుర్రవాడు పాము గురించి చెప్పిన ఆ మాట, పిల్లల హాస్టళ్ళు నడిపేవాళ్ళు కూడా వినదగ్గదని నాకు తోచింది.

ఇక నీళ్ళు. చుట్ట చుట్టుకుని మునిగే వెడల్పున్న బరువైన గిన్నె. రోజూ మంచినీళ్ళు మార్చాలి. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలనీలంగా మసకబారతాయి. అప్పుడు తడి నాచు నింపిన డబ్బా వొకటి లోపల పెడితే, కుబుసం తల నుంచి తోక దాకా మేజోడు తీసినట్లు వొక్క ముక్కగా వచ్చేస్తుంది.

పన్నెండు రోజుల కొక భోజనం

మా అక్క ఇల్లు కోడిగుడ్డు కూడా గడప దాటని ఇల్లు. పాముకేమో మాంసం తప్ప వేరే గతి లేదు. పప్పూ, పళ్ళూ, పాలూ దాని కడుపు ఎరగదు. అందుచేత కారు షెడ్డులో వొక చిన్న ఫ్రీజరు వెలిసింది. గడ్డకట్టించిన చిట్టెలుకలు అందులో వుంటాయి. పొట్లాల్లో అంగడిలోనే దొరుకుతాయి.

పిల్ల పాముకు వెంట్రుకయినా రాని ఎలుక పిల్లను అయిదారు రోజుల కొకటి పెడతారు. పెద్దదయ్యాక పది పన్నెండు రోజుల కొక పెద్ద చిట్టెలుక చాలు. పాము వొంటిలో బాగా లావైన చోటు ఎంత వుందో ఎలుక కూడా దాదాపు అంతే వుండాలి. ముందురోజు రాత్రి మామూలు ఫ్రిజ్‌లోకి మార్చి, మర్నాడు సంచిలో పెట్టి వేడినీళ్ళలో వుంచి, వొళ్ళు వెచ్చబడ్డాక పొడుగు పటకారుతో అందించాలి. బతికున్న ఎలుకను వదలకూడదు. ప్రాణభయంతో అది పామునే కొరికి గాయపరచవచ్చు. ఎముకలతో సహా మింగుతుంది గనుక వేరే సత్తువ మందులు అక్కరలేదు. తిన్నాక రెండు రోజులు దాన్ని ముట్టుకోరాదు. ఎప్పుడు ముట్టుకున్నా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సరీసృపాల వొంటిమీద సాల్మొనెల్లా అనే రోగక్రిమి వుంటుంది.

ఏ రోజు తిన్నదీ, ఎంత బరువున్నదీ, కుబుసం ఎప్పుడు విడిచినదీ అన్నీ పుస్తకంలో వుంటాయి. తిండి మానేస్తే వైద్యుడి కంటె ముందు థర్మామీటర్ను చూడాలని మొదటి పేజీలో ఎర్రసిరాతో రాసుకున్నాడు.

ఆ మూడు రాత్రులు

అత్తయ్యగారు ఏడాదిన్నర పాటు ఆ గది గుమ్మం తొక్కలేదట. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మీద మంచు తుపాను విరుచుకుపడింది. లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది. డాలస్ ప్రాంతంలో చలి సున్నాకు దిగువన 18 డిగ్రీలు దాటింది. మా అక్కావాళ్ళ ఇంట్లో మూడు రోజులు దీపం లేదు. సుబ్బారాయుడి పెట్టెలో ఎండ ఆరిపోయింది. అసలు చిక్కేమిటంటే, అంతకు ముందు రోజే వాడు ఎలుకను మింగి వున్నాడు. వేడి లేకపోతే కడుపులో తిండి అరగదు, కుళ్ళుతుంది. కక్కినా ప్రమాదమే, కక్కకపోయినా ప్రమాదమే.

పన్నెండేళ్ళ పిల్లవాడు ఏడుపు దిగమింగుకుని, పామును గుడ్డసంచిలో వేసి మూతి కట్టి, గాలికి కన్నాలు పెట్టిన థర్మోకోల్ పెట్టెలో పెట్టాడు. గ్యాసు పొయ్యి అగ్గిపుల్లతో వెలిగింది. కాచిన నీళ్ళు సీసాల్లో పోసి, తువ్వాళ్ళు చుట్టి, సంచికి ఆనకుండా పెట్టెలో వుంచారు. లోపలొక థర్మామీటరు. రెండేసి గంటల కొకసారి నీళ్ళు మార్చాలి. మొదటి రాత్రి పిల్లవాడు వొక్కడే మేలుకున్నాడు. రెండో రాత్రి కళ్ళు మూతలు పడుతూ వుంటే, అత్తయ్యగారు తన కాశ్మీరు శాలువ తీసి పెట్టెకు చుట్టి, "నువ్వు పడుకో నాన్నా! సుబ్బారాయుడి సంగతి నేను చూస్తాను" అన్నారట. తెల్లవార్లూ టార్చిలైటు వేసి థర్మామీటరు చూస్తూ, నీళ్ళు మారుస్తూ కూర్చున్నారు.

మూడో రోజు కరెంటు వచ్చింది. పాము కక్కలేదు. పేరు మాత్రం మారిపోయింది.

ఆ సంవత్సరం నాగుల చవితికి అత్తయ్యగారు గ్లాసుతో ఆవుపాలు తెచ్చి పెట్టె ముందు నిలబడ్డారట. "నాన్నమ్మా, దానికి పాలు అరగవు. జబ్బు చేస్తుంది" అన్నాడు మనవడు. ఆవిడ కాసేపు ఆలోచించి, పాలు మనవడి చేతికిచ్చి తాగమని, పాము నీళ్ళగిన్నె తానే తోమి, మంచినీళ్ళు నింపి లోపల పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. "వాడి ధర్మం వాడిది, మన భక్తి మనది" అన్నారట. ఈ సంగతి చెప్పినప్పుడు మా అక్క నవ్విందిగాని, ఆ నవ్వులో అత్తగారి మీద గౌరవం కూడా వుంది.

ఇరవయ్యేళ్ళ మాట

ఈ జాతి పాము పదిహేను, ఇరవయ్యేళ్ళు బతుకుతుంది. కొన్ని అంతకంటె ఎక్కువే. మేనల్లుడు ఇంకో రెండేళ్ళలో కాలేజీకి వెళ్ళిపోతాడు. హాస్టలు గదిలో పామును వుంచనిస్తారన్న ఆశ లేదు. అత్తయ్యగారికి డెబ్బయినాలుగేళ్ళు. బావగారికి ఆఫీసే లోకం. మరి సుబ్బారాయుణ్ణి చూసేదెవరు?

నేనున్న రోజుల్లోనే మా అక్క మొదటిసారి పటకారు పట్టుకుంది. ముఖం పక్కకు తిప్పుకుని, చెయ్యి వొణుకుతూ వుంటే, కొడుకు మోచెయ్యి కింద చెయ్యి వేసి ఆనుగా వుంచాడు. సుబ్బారాయుడు తల ఎత్తి, నాలుక రెండుసార్లు ఆడించి, వొక్క ఉదుటున అందుకున్నాడు. అక్క లోపలికి వెళ్ళి తలస్నానం చేసి వచ్చింది.

"నీకెందుకే ఈ బాధ? ఎవరికయినా ఇచ్చెయ్యరాదూ?" అన్నాను.

"పిల్లాడు వెళ్ళిపోతాడు, వీడు వుండిపోతాడు. వీణ్ణి పస్తు పెట్టలేను కదరా" అంది.

ఇవ్వడం తప్పు కాదు, తెలిసినవాళ్ళ చేతికి ఇస్తే. ఊరవతల వదిలెయ్యడం మాత్రం మహాపాపం. ఫ్లారిడా రాష్ట్రంలో ఎవర్‌గ్లేడ్స్ అనే చిత్తడి అడవి వుంది. మన ఆసియా నుంచి పెంపకానికి తెప్పించుకున్న బర్మా కొండచిలువలు తప్పించుకునీ, యజమానులు విసిగి వదిలెయ్యగానూ అక్కడ సంతానం పెంచుకుని, ఆ అడవిలోని చిన్న జంతువులను చాలావరకు మింగేశాయి. 2017లో వాటిని పట్టడానికి తమిళనాడు నుంచి ఇరుళ తెగవారైన మాసి సదయ్యన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరిని పిలిపించుకున్నారు. 2023లో వాళ్ళిద్దరికీ పద్మశ్రీ వచ్చింది.

మన పుట్టలు

ఇది చదివి మన పిల్లలెవరయినా పాము కావాలని పేచీ పెడితే, తల్లిదండ్రులు వొకమాట స్పష్టంగా చెప్పాలి. నాగుబాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి మన దేశపు పాములను పట్టడం గాని, ఇంట్లో పెట్టుకోవడం గాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విదేశీ జాతుల్లో అంతర్జాతీయ ఒప్పందపు జాబితాకు ఎక్కినవాటికి 2022 సవరణ తరువాత ప్రభుత్వం వద్ద నమోదు తప్పనిసరి అయింది.

చట్టం వున్నా, పండగ రోజున బుట్టలో నాగుబామును తెచ్చి వాకిట్లో ఆడించేవాళ్ళు అక్కడక్కడ కనిపిస్తూనే వున్నారు. అది పాలు తాగింది చూశామంటారు మనవాళ్ళు. నిజమే, కోరలు పీకించుకుని, రోజుల తరబడి తిండీ నీళ్ళూ లేక నోరెండిపోయిన పాము ఏ తడి దొరికినా నోరు పెడుతుంది. ఆ పాలే తరువాత దాని ప్రాణం తీస్తాయి. గ్లాసెడు పాలూ, వొక రూపాయీ ఇచ్చి మనం పంపేది దాన్ని ఆ చావుకే.

హైదరాబాదులో 1963లో తెరిచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో పాముల ఇల్లు వుంది. ఈసారి పిల్లలను తీసుకువెళ్ళినప్పుడు, అద్దం మీద తట్టి పామును కదిలించే ప్రయత్నం మాని, దాని గది వంక చూపించండి. నీళ్ళగిన్నె ఎక్కడుంది? వెచ్చని మూల ఏది? చల్లని మూల ఏది? దాక్కోవడానికి చోటుందా? ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోవడం నేర్చిన పిల్లలు, రేపు కుక్కపిల్లను తెచ్చుకున్నా, చిలకను చూసినా, వాకిట్లో కట్టేసిన దూడ దగ్గరికి వెళ్ళినా అవే ప్రశ్నలు వేస్తారు.