రేడియము కలుపు

జెముడుకొమ్మను విఱిచినచో తెల్లని పాలు కాఱును. ఆ పాలు పూసిన పులిపిరులు రాలిపోవునని పల్లెలలో కొందఱు చెప్పుదురు. నేను ఉపాధ్యాయుడనై యున్నపుడు ఒక బాలుడు అట్లే పూసికొని, వ్రేలు పొక్కులెక్కి, వారము దినములు కలము పట్టలేకపోయెను.

ఆ జెముడు జాతికే చెందిన జానెడు మొక్క యొకటి ఐరోపానుండి ఆస్ట్రేలియాకు కలుపుగా చేరినది. శాస్త్రజ్ఞులు దానిని యూఫోర్బియా పెప్లస్ అందురు. రేడియము వలె కాల్చునని కాబోలు, అచ్చటి ప్రజలు దానికి రేడియము కలుపు అని పేరిడిరి. ఆ దేశమున ఎండ తీవ్రము. తెల్లజాతివారి చర్మమున ఎండనుండి కాపాడు వర్ణద్రవ్యము స్వల్పము. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు చర్మకణములలోని డి.ఎన్.ఎ.ను చెఱుచును. అట్లు చెడిన కణములు హద్దుమీఱి పెరుగుటయే చర్మపు క్యాన్సరు. దానికి ముందు గరుకైన మచ్చలు బయలుదేరుట కలదు. వానిలో కొన్ని కాలక్రమమున క్యాన్సరుగా మారును. ఆ మచ్చలపై అచ్చటివారు ఈ కలుపు పాలు పూసికొనుచుండిరి.

బ్రిస్బేన్ నగరపు పరిశోధకులు ఈ నాటువైద్యమును నవ్వి త్రోసివేయలేదు. ఆ పాలలోని ఇంజినాల్ మెబ్యుటేట్ అను పదార్థమును పరీక్షించిరి. అది రెండు విధముల పనిచేయును. మొదట, కొన్ని గంటలలోనే కణపు పొరను, కణమునకు శక్తినిచ్చు మైటోకాండ్రియాలను ఛిన్నాభిన్నము చేయును. కణము ఉబ్బి చచ్చును. పిమ్మట చర్మము ఎఱ్ఱవాఱి వాచును. ఆ వాపు వట్టి బాధ కాదు. రక్తములోని తెల్లకణములు అచ్చటికి చేరి, మిగిలిన చెడుకణములను తుదముట్టించుచున్నవని దాని యర్థము. ముఖమునకు పూసెడి లేపనము 100 గ్రాములలో ఈ మందు 15 మిల్లిగ్రాములే యుండెను. మూడు దినములు పూసిన చాలియుండెను. నేరుగా కొమ్మ విఱిచి పూసికొనువానికి ఈ కొలత యెట్లు తెలియును?

2012లో అమెరికాలో ఆ మచ్చలకు ఈ లేపనమును వాడుటకు అనుమతి లభించెను. ముఖముపైనను తలపైనను పూసినవారిలో 100కి 42 మందికి మచ్చలు పూర్తిగా మాయమయ్యెను. మందులేని లేపనము పూసినవారిలో నలుగురికే అట్లు జరిగెను.

కథ ఇచ్చటనే ముగిసియుండిన బాగుండెడిది. మఱియొక మందుతో పోల్చుచు మూడేండ్లపాటు రోగులను కనిపెట్టి చూచిరి. ఇంజినాల్ వాడినవారిలో 100కి 3.3 చొప్పున ఒక విధమగు చర్మపు క్యాన్సరు కనబడెను. రెండవ మందు వాడినవారిలో 0.4 మాత్రమే. 2020 జనవరిలో ఐరోపా ఔషధ సంస్థ దీని వాడుకను ఆపించెను. ఏప్రిల్‌లో, హాని మేలును మించునని నిర్ణయించెను.

మన పసుపు మాటయేమని మీరడుగవచ్చును. పసుపులోని కుర్కుమిన్ గాజుపాత్రలోని మెలనోమా కణములను చంపుట నిజమే. కాని తిన్న కుర్కుమిన్‌లో రక్తమునకు చేరునది అత్యల్పము. ఆ కొఱత తీర్చు మార్గములను పరిశోధకులు వెదకుచున్నారు.